ఐర్లాండ్‌లో స్నేహితుల ఇంటికి వెళ్తుంటే: వీసా ఉత్తరం, అద్దె కారు, పల్లె ఇంటి పద్ధతులు, డబ్లిన్

ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో కలిసి పనిచేసిన ఐరిష్ దంపతులు క్లేర్ కౌంటీలో, ఎన్నిస్ దగ్గర పల్లెలో ఉన్న తమ ఇంటికి రమ్మన్నారు. వెళ్లేది భార్యాభర్తలు, పదేళ్ల బాబు. జూన్‌లో 12 రోజులు. పల్లెలూ చూడాలి, డబ్లిన్ కూడా చూడాలి. వాళ్ల కారు నడపొచ్చా, అద్దెకు తీసుకోవాలా, ఏం పట్టుకెళ్లాలి, ఏం బుక్ చేసుకోవాలి?

మ్యాప్‌లో ఐర్లాండ్ చిన్నదిగా కనిపిస్తుంది కదా అని 12 రోజుల్లో దేశం చుట్టేసే ప్లాన్ మాత్రం వేసుకోకండి. అక్కడ 40 కిలోమీటర్లకు గంట పట్టే రోడ్లు బోలెడు. పైగా రోజుకో ఊళ్లో బస అంటే, ఇంటికి పిలిచిన వాళ్లతో కూర్చుని మాట్లాడే టైమే ఉండదు. ఎనిమిది రాత్రులు వాళ్లింట్లో ఉండి, అక్కణ్ణుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేలా తిరగండి. చివరి మూడు రాత్రులు డబ్లిన్‌లో, కారు లేకుండా.

వీసాతో మొదలుపెడదాం. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేదు. షెంజెన్ వీసా అక్కడ చెల్లదు, ఐర్లాండ్ వీసాతో ఫ్రాన్స్, జర్మనీ వెళ్లలేరు. షార్ట్ స్టే ‘సి’ వీసాకి అవాట్స్ అనే ఆన్‌లైన్ ఫారం నింపి, చివర్లో వచ్చే సమ్మరీని ప్రింట్ తీసి సంతకం చేసి, మిగతా కాగితాలతో కలిపి వీసా సెంటర్‌లో ఇవ్వాలి. సింగిల్ ఎంట్రీకి 60 యూరోలు, మల్టిపుల్‌కి 100. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వేసవి ముందు రద్దీ ఎక్కువ, కాబట్టి జూన్ ప్రయాణానికి మార్చిలోనే ఇచ్చేయండి. వీసా రాకముందే విమానం టికెట్లు కొనమని వాళ్లే అడగరు. కొనొద్దనే చెప్తారు కూడా.

స్నేహితుల దగ్గరికి వెళ్లేవాళ్ల ఫైలు ఎక్కువగా దెబ్బతినేది ఆహ్వాన ఉత్తరం దగ్గరే. ‘మా ఫ్రెండ్స్, రానివ్వండి’ అని రెండు లైన్లు రాస్తే చాలదు. ఎవరెవరు వస్తున్నారు (పాస్‌పోర్టులో ఉన్న పేర్లే), ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ అడ్రసులో ఉంటారు, ఎక్కడ ఎలా పరిచయం, ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నది రాసి, సంతకం పెట్టి, తమ పాస్‌పోర్ట్ కాపీ, ఆ ఇంటి అడ్రసు చూపే బిల్లు జతచేయాలి. పరిచయానికి రుజువుగా ఒకే కంపెనీలో పనిచేసిన కాగితాలు, కలిసి దిగిన ఫొటోలు పెట్టండి. మీవైపు నుంచి ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, జీతం స్లిప్పులు, ఫలానా తేదీకి తిరిగి డ్యూటీలో చేరతారని ఆఫీసు లెటర్, బాబు స్కూలు నుంచి లెటర్. స్టేట్‌మెంట్‌లో అప్పటికప్పుడు పెద్ద మొత్తం జమై ఉంటే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. వివరణ లేని డిపాజిట్ చూస్తే అప్పు తెచ్చి వేశారని అనుకుంటారు. ఉత్తరంలోని తేదీలు, ఫారంలోని తేదీలు, లీవ్ తేదీలు మూడూ ఒక్కటిగా ఉండాలి.

సామానులో ఏం పెట్టాలి? మనవాళ్లు ముందు సర్దేది పచ్చళ్లు. మామిడికాయ, గోంగూర, ఉసిరి ఫర్వాలేదు. చికెన్, రొయ్యల పచ్చళ్ల జోలికి వెళ్లకండి. ఈయూ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తేకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నెయ్యి బాగా పట్టించిన సున్నుండలు, పూతరేకులు ఇంట్లో వదిలేయడమే మంచిది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా వద్దు, మొక్కల తెగుళ్ల నిబంధనల కింద తీసేసుకుంటారు. కానుకగా పోచంపల్లి టేబుల్ రన్నర్, కొండపల్లి బొమ్మలు, అరకు కాఫీ, పలాస జీడిపప్పు బాగుంటాయి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేసేది, అసలు బరువుండదు. చేతులు, కొమ్ములు విరక్కుండా బట్టల మధ్య పెట్టి తీసుకెళ్లండి. చెప్పులకంటే ముందు సర్దాల్సింది టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్. జూన్‌లో కూడా పగలు 18, 20 డిగ్రీలు దాటడం తక్కువ. పడమటి తీరం గాలికి గొడుగు ఒక్క రోజు కూడా నిలవదు. ప్లగ్ పాయింట్లు మూడు పలక పిన్నులవి, బ్రిటన్ రకం. అడాప్టర్లు రెండైనా పెట్టుకోండి.

ఇక కారు. స్నేహితులు ప్రేమకొద్దీ ‘మా కారు తీసుకెళ్లండి’ అంటారు. తీసుకోకండి. మన దగ్గర థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండికి ఉంటుంది, లైసెన్స్ ఉన్నవాళ్లెవరు నడిపినా చెల్లుతుంది. ఐర్లాండ్‌లో పాలసీ మీద ఎవరి పేర్లు రాసి ఉంటే వాళ్లు నడిపినప్పుడే మామూలుగా కవర్ ఉంటుంది. మీ పేరు చేర్చాలంటే వాళ్లు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయాలి, ఇండియా లైసెన్స్ అనగానే చాలా కంపెనీలు కాదంటాయి. ఇన్సూరెన్స్ లేకుండా నడపడం అక్కడ నేరం, బండిని అక్కడికక్కడే పట్టుకుపోతారు.

అద్దె కారే తీసుకోండి, కానీ డబ్లిన్ ఎయిర్‌పోర్టులో కాదు. రాత్రంతా విమానంలో కూర్చుని దిగి, అలవాటు లేని కారులో రెండున్నర మూడు గంటలు నడపడం ప్రమాదం. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 రోడ్డుకు టోల్ గేటు కూడా ఉండదు. కెమెరా నంబరు తీసుకుంటుంది, మర్నాడు రాత్రి 8 లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. కొత్తవాళ్లకు అది తెలియక జరిమానా పడుతుంది. డబ్లిన్‌లో దిగి హ్యూస్టన్ స్టేషన్ నుంచి లిమెరిక్ మీదుగా ఎన్నిస్‌కి రైలెక్కండి, లేదా ఎయిర్‌పోర్టు నుంచే లిమెరిక్ వైపు వెళ్లే కోచ్ ఎక్కండి. స్నేహితులు ఎన్నిస్‌లో వచ్చి తీసుకెళ్తారు. మర్నాడో, ఆ మర్నాడో నిద్ర తీరాక షానన్ ఎయిర్‌పోర్టు దగ్గర కారు తీసుకోండి. ఎన్నిస్ నుంచి అరగంట కూడా పట్టదు. తిరిగి ఇచ్చేదీ అక్కడే.

సందర్శకులు ఇండియా లైసెన్స్ మీదే నడపొచ్చు. అయినా ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే కౌంటర్ దగ్గర వాదన ఉండదు. డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. డెబిట్ కార్డు చూపించి వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. బుక్ చేసేటప్పుడు ఆటోమేటిక్ అని అడక్కపోతే గేర్ల బండి వస్తుంది. మామూలు ఇన్సూరెన్స్‌లో ప్రమాదం జరిగితే మీ జేబులోంచి పోయే వాటా పెద్దది. టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం తరచుగా అసలు కవర్ కావు. ఆ పల్లె రోడ్ల మీద దెబ్బతినేవి సరిగ్గా అవే, కాబట్టి ఆ వాటాని సున్నా చేసే కవర్ తీసుకోవడం దండగ కాదు. బండి తీసుకునేటప్పుడు నాలుగు చక్రాల రిమ్ములు, ఎడమవైపు అద్దం, తలుపులు వీడియో తీయండి. 150 సెంటీమీటర్ల ఎత్తు, 36 కిలోల బరువు దాటని పిల్లలకు బూస్టర్ సీటు చట్టప్రకారం తప్పనిసరి. బాబుని కొలిచి ముందే బుక్ చేయండి. బంకులో ఆకుపచ్చ పైపు పెట్రోలు, నల్లది డీజిల్.

అక్కడా ఎడమవైపే నడుపుతారు, ఆ రకంగా మనకు సుఖం. ఇబ్బంది పెట్టేది వెడల్పు. ‘ఎన్’ (జాతీయ) రోడ్లు బాగానే ఉంటాయి, ‘ఆర్’ (ప్రాంతీయ) రోడ్లు ఇరుకు, ‘ఎల్’ (స్థానిక) రోడ్లయితే ఒక్క బండి పట్టే దారులు, నడుమ గడ్డి మొలిచి ఉంటుంది. పక్కన మెత్తటి పొదలా కనిపించేదాని లోపల రాతి గోడ ఉంటుంది. ఎదురుగా బండి రాగానే భయపడి ఎడమకి ఒరిగితే టైరు పక్కభాగం చీలేది ఆ రాళ్లకే. ఎదురు బండి వస్తే, వెడల్పు జాగా లేదా పొలం గేటు ఎవరికి దగ్గరైతే వాళ్లు వెనక్కి వెళ్తారు. దారిచ్చిన వాళ్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతారు, మీరూ ఎత్తండి. 2025 ఫిబ్రవరి నుంచి ఈ చిన్న రోడ్ల మామూలు పరిమితి 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గింది. చాలాచోట్ల 60 కూడా ఎక్కువే. జూన్ అంటే పశువుల మేతకి గడ్డి కోసి సైలేజ్ వేసే కాలం, పెద్ద ట్రెయిలర్లతో ట్రాక్టర్లు రాత్రి దాకా తిరుగుతాయి. మ్యాప్ చెప్పిన టైముకి మూడో వంతు కలుపుకోండి.

పల్లె ఇళ్లకు చాలావాటికి నంబరూ వీధి పేరూ ఉండవు. ఒకే ఊరి పేరుతో ఇరవై ఇళ్లు. అడ్రసు ఇచ్చినప్పుడు ఎయిర్‌కోడ్ అడగండి. 2015లో వచ్చిన ఏడు అక్షరాల కోడ్ అది, ఒక్కో ఇంటికి ఒక్కోటి. మ్యాప్‌లో కొడితే తిన్నగా గుమ్మం ముందుకు తీసుకెళ్తుంది. ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకోండి. ఇమిగ్రేషన్ కౌంటర్లో ఎక్కడుంటారని అడుగుతారు, అత్యవసరమై 112కి ఫోన్ చేసినా అదే చెప్పాలి.

ఇంట్లో పద్ధతులు ఎవరూ చెప్పరు, అడగడానికి మనకు మొహమాటం. ముఖ్యంగా వేణ్నీళ్లు. చాలా ఇళ్లలో ఎలక్ట్రిక్ షవర్ ఉంటుంది. బాత్రూమ్ సీలింగ్ నుంచి వేలాడే తాడు లాగితేనో, బయట గోడ మీద స్విచ్ వేస్తేనో దానికి కరెంటు వస్తుంది. ఆ సంగతి తెలియక చన్నీళ్లతో స్నానం చేసి నోరెత్తని అతిథులు ఉంటారు. కుళాయిల్లోకి వేణ్నీళ్లు ట్యాంకు నుంచి వస్తాయి, దాన్ని కాచేది ఇమ్మర్షన్. దాని స్విచ్ మీద ‘సింక్’, ‘బాత్’ అని రెండు ఉంటాయి. సింక్ వేస్తే ట్యాంకులో పైభాగమే వేడెక్కుతుంది, బాత్ వేస్తే ట్యాంకంతా. దాన్ని వేసి మరిచిపోవడం ఐరిష్ ఇళ్లలో పెద్ద నేరం కింద లెక్క, కరెంటు బిల్లు అలా ఉంటుంది మరి. మీ ముగ్గురి స్నానాలు ఏ టైముకో మొదటి రోజే చెప్పేసుకోండి.

పల్లె ఇళ్లకు మురుగు కాలువ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. వెట్ వైప్స్ కమోడ్‌లో, మిగిలిన నూనె సింకులో వేయకండి. చెత్త డబ్బాలు మూడు రకాలు. ఏది దేనికో అడిగి వేయండి, ఎందుకంటే తీసుకెళ్లేవాళ్లకు ప్రతిసారీ డబ్బు కడతారు. ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు (క్యాన్లు) నలిపేయొద్దు. 2024 ఫిబ్రవరి నుంచి వాటి మీద డిపాజిట్ ఉంది, 500 మిల్లీలీటర్ల వరకు 15 సెంట్లు, ఆపై సైజుకి 25. సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే వెనక్కి వస్తుంది, నలిగిపోతే యంత్రం తీసుకోదు.

మీ చేతి వంట తినాలని వాళ్లు ఎలాగూ అడుగుతారు. పప్పు, పులిహోర సులువు. కానీ ఎండుమిర్చి పోపు పెడితే పొగ అలారం ఇల్లంతా మోగిపోతుంది. వంటగది కిటికీ తీసి, ఫ్యాన్ వేసి, హాల్లోకి తలుపు మూసి పోపు పెట్టండి. కరివేపాకు లిమెరిక్, డబ్లిన్‌లోని ఇండియన్ దుకాణాల్లో దొరకొచ్చు, దాని కోసం ప్రత్యేకంగా తిరగకండి. శాకాహారులైతే వారం ముందే రాయండి. పొద్దున వేసే ఫుల్ ఐరిష్ టిఫిన్‌లో నల్లగా గుండ్రంగా ఉండే ముక్క బ్లాక్ పుడ్డింగ్, అందులో రక్తం ఉంటుంది. తెల్లదీ మాంసమే. వెజిటబుల్ సూప్ అన్నా కోడి స్టాక్‌తో చేశారేమో అడగాలి. బ్రౌన్ బ్రెడ్, వెన్న, స్కోన్లకు మాత్రం ఢోకా లేదు. టీ వద్దంటే మళ్లీ అడుగుతారు, మళ్లీ వద్దంటే మూడోసారీ అడుగుతారు. మన ఇళ్లలో లాగే. డబ్బు చేతిలో పెట్టబోకండి, నొచ్చుకుంటారు. ఒక రోజు సరుకులు తేవడం, ఒక రాత్రి బయట భోజనానికి తీసుకెళ్లడం చేయండి. పబ్‌లో ఎవరైనా అందరికీ డ్రింకులు చెప్తే తర్వాతి వంతు మీది. మీరు తాగేది ఆరెంజ్ జ్యూసే అయినా సరే.

పొలం ఉన్న ఇల్లయితే గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే వదలండి. మంచి పని చేద్దామని తెరిచి ఉన్నది మూస్తే పశువులకు నీళ్లు అందకపోవచ్చు. బాబుని పెరట్లోని యంత్రాల దగ్గరికి ఒంటరిగా పంపకండి. పేడ నిల్వచేసే గుంతని కలిపే రోజు కొట్టం చుట్టుపక్కలకే వెళ్లకూడదు. ఆ టైములో హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి వస్తుంది, మోతాదు ఎక్కువైతే వాసన కూడా తెలియకుండానే మనిషిని పడేస్తుంది.

చూడాల్సిన వాటిలో నా ఓటు మొదట బరెన్‌కి. క్లేర్ ఉత్తర భాగమంతా బూడిద రంగు సున్నపురాయి పరుపులు. రాతి పలకల మధ్య లోతైన చీలికలు, ఆ చీలికల్లో పూలమొక్కలు. మంచు కొండల మొక్కలూ, మధ్యధరా ప్రాంతపు మొక్కలూ పక్కపక్కనే పెరిగే చోటు అది. మే నెలలో నీలిరంగు జెంషన్ పూలు, జూన్‌లో ఆర్కిడ్లు. ఇక్కడి రైతులు పశువుల్ని కొండ మీదికి తోలేది చలికాలంలో. రాయి వేసవి వేడిని పట్టి ఉంచుతుంది, పైన నేల కూడా పొడిగా ఉంటుంది. చలికాలమంతా అవి ముతక గడ్డి మేసేయడం వల్లనే వసంతంలో పూలకు వెలుగు తగులుతుంది. స్నేహితుల్ని అడిగి ఏదైనా పొలం మీదుగా తీసుకెళ్లమనండి, బస్సు టూర్‌లో ఇవేవీ చెప్పరు. చీలమండ పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. వాన పడ్డాక ఆ పలకలు జారతాయి, కాలు చీలికలో ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది. పౌల్‌నబ్రోన్ రాతి సమాధి ఆ దారిలోనే, అయిదు వేల ఏళ్ల పైనాటిది, టికెట్ లేదు. రాళ్లు తీసి పేర్చకండి.

మోహెర్ కొండచరియలు ఎత్తైన చోట 214 మీటర్లు, పొడవు 14 కిలోమీటర్లు. పదకొండు నుంచి నాలుగు దాకా డబ్లిన్ బస్సులతో కిక్కిరిసిపోతాయి. మీకు ఇల్లు దగ్గరే, జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. ముందు మబ్బు చూసుకోండి, సముద్రపు మంచు దిగితే రెయిలింగ్ తప్ప ఏమీ కనపడదు. తీరం వెంట ఉన్న కాలిబాటలో మూసిన చోట్ల బోర్డులుంటాయి. వాటిని దాటితే కింద నేల ఉందో లేదో తెలియదు, అంచు డొల్లగా ఉంటుంది. డూలిన్ నుంచి ఇనిష్ ఓర్ దీవికి పడవ వేగాన్ని బట్టి పావుగంట నుంచి అరగంట. సైకిళ్లు అద్దెకు తీసుకుని, 1960లో ఒడ్డుకు కొట్టుకొచ్చి తుప్పుపట్టిన ప్లాసీ ఓడ దాకా తొక్కి రావచ్చు. అలలు పెరిగితే పడవలు రద్దు చేస్తారు, అందుకని దీన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. రద్దయితే ఇంకో రోజు చేతిలో ఉంటుంది. దీవుల్లోనూ, డింగిల్ వైపూ బోర్డులు ఐరిష్‌లోనే ఉండొచ్చు. మరుగుదొడ్డి తలుపు మీద ‘ఫిర్’ అంటే మగవాళ్లది, ‘మ్నా’ ఆడవాళ్లది. చూసి పొరబడేవాళ్లు ఎక్కువ.

దక్షిణాన ఒకటే చాలు, డింగిల్. ఆ ఎనిమిది రాత్రుల్లో ఒకటి అక్కడే ఉండాలి, ఒకే రోజులో వెళ్లి రావడం దండయాత్ర అవుతుంది. కిల్లిమర్ నుంచి టార్బర్ట్‌కి కారుతో సహా ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో షానన్ నది దాటతారు, లిమెరిక్ చుట్టు తిరగక్కర్లేదు. అక్కడ తీరం వెంట చుట్టి వచ్చే స్లే హెడ్ దారిని గడియారం ముల్లు తిరిగే వైపే తిరగండి, బస్సులు కూడా అలాగే వెళ్తాయి, ఎదురుపడవు. 179 కిలోమీటర్ల చుట్టు రోడ్డు, రింగ్ ఆఫ్ కెర్రీ, వదిలేయండి. పేరు పెద్దది, రోజంతా బస్సుల వెనకే పోతుంది.

పబ్‌లో సంగీతం వినాలని ఉంటే ఒక చిక్కు. రాత్రి సెషన్లు తొమ్మిదిన్నరకి మొదలవుతాయి. పిల్లలు పెద్దవాళ్లతో ఉన్నా మే నుంచి సెప్టెంబర్ దాకా పది వరకే, మిగతా నెలల్లో తొమ్మిది వరకే ఉండనిస్తారు. బాబుతో వెళ్లాలంటే ఆదివారం మధ్యాహ్నం సెషన్ ఎక్కడుందో స్నేహితుల్ని అడగండి.

డబ్లిన్‌కి రైల్లో వెళ్లండి. హోటల్ మాత్రం వీసా రాగానే, ఉచితంగా రద్దు చేసుకునే రేటులో బుక్ చేయండి, జూన్‌లో ధరలు మండుతాయి. ఎయిర్‌పోర్టుకి రైలు లేదు, బస్సులే. దిగగానే దుకాణంలో లీప్ కార్డు కొనండి, బాబుకి పిల్లల కార్డు వేరే. కార్డుతో 2 యూరోలకు 90 నిమిషాలు బస్సు, లువాస్ ట్రామ్, డార్ట్ లోకల్ రైలు మారుతూ తిరగొచ్చు. నోట్లు బస్సులో తీసుకోరు, నాణేలిచ్చినా చిల్లర రాదు. స్టాపులో చెయ్యి చాపకపోతే బస్సు ఆగకుండా పోతుంది. లువాస్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకించాలి.

కిల్‌మైనమ్ జైలు టికెట్లు 28 రోజుల ముందు, ఐర్లాండ్ టైము అర్ధరాత్రికి విడుదలవుతాయి. అంటే జూన్‌లో మనకు తెల్లవారుజామున నాలుగున్నర. అలారం పెట్టుకుని కొనాల్సిందే, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు నాయకుల్ని కాల్చిన ఆవరణ గైడుతో తప్ప చూపించరు. నేషనల్ మ్యూజియం పురావస్తు శాఖ, చెస్టర్ బీటీ లైబ్రరీ ఉచితం. చెస్టర్ బీటీలో మొఘల్ చిత్రాలున్నాయి. మ్యూజియం ఆది, సోమవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకే తెరుస్తారు, దాన్ని మరో రోజు పెట్టుకోండి. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ చుట్టూ నడుస్తుంటే బాబుకి ఒకటి చెప్పొచ్చు. మన వి.వి. గిరి 1913 నుంచి 1916 దాకా ఈ పరిసరాల్లోని యూనివర్సిటీ కాలేజీలో లా చదివారు. ఆ తిరుగుబాటు తర్వాత తెల్లదొరలు వెళ్లిపొమ్మంటే ఇండియాకి తిరిగొచ్చారు. సాయంత్రం డార్ట్ ఎక్కి హౌత్ వెళ్లి సముద్రపు కొండ అంచున నడిస్తే నగరం వేడి తగ్గుతుంది.

డబ్లిన్‌లో హోటల్ రిసెప్షన్‌లోనే జెయింట్స్ కాజ్‌వే, బెల్‌ఫాస్ట్ ఒక్కరోజు టూర్లు అమ్ముతారు. అది ఉత్తర ఐర్లాండ్, అంటే బ్రిటన్. సరిహద్దులో మామూలుగా ఎవరూ ఆపరు, బోర్డు కూడా సరిగ్గా కనపడదు, కిలోమీటర్లు మైళ్లుగా మారతాయంతే. కానీ వీసా నిబంధన అక్కడా ఉంది. మీ ఐర్లాండ్ వీసా మీద ‘బీఐవీఎస్’ (బ్రిటన్, ఐర్లాండ్ రెండింటికీ ఒకే వీసా పనికొచ్చే పథకం) అని ఉంటేనే, లేదా బ్రిటన్ వీసా విడిగా ఉంటేనే వెళ్లండి. బస్సులో తనిఖీ జరిగి పట్టుబడితే ఆ తర్వాత ఏ దేశపు వీసా ఫారం నింపినా అది రాయాల్సి వస్తుంది. బీఐవీఎస్ లేకపోతే ఆ రోజు న్యూగ్రాంజ్‌కి పెట్టుకోండి. గిజా పిరమిడ్లకంటే ముందు, క్రీ.పూ. 3200 నాటి సమాధి అది. లోపలికి వెళ్లే టికెట్లు పరిమితం, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సమాధి దగ్గరికి తిన్నగా వెళ్లనివ్వరు, బ్రూ నా బోన్యా కేంద్రం నుంచి వాళ్ల బస్సే ఎక్కాలి. మీ స్లాటుకి అరగంట ముందు అక్కడ ఉండండి.